నాలుగు ఊళ్ళ తెల్లగుడ్డ

మా నాయన ఊళ్ళను అడుగులతో కొలిచేవాడు. కొత్త ఊళ్ళో రైలు దిగగానే తాగేనీళ్ళ కొళాయి ఎక్కడుందో చూసి, అక్కడిదాకా నడిచి, "నలభై రెండు" అనేవాడు. స్టేషను నుంచి బస్టాండుకు ఎన్ని అడుగులు, బస్టాండు నుంచి ఆసుపత్రికి ఎన్ని, దారిలో నీడ ఎంతమేర, మురుగుకాలవకు మూత ఉందా లేదా, ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే మనిషి ఎక్కడ నిలబడాలి. ఊరంటే ఆయన చూసేవి ఇవీ. ఏదో ఒక వింత చూపిద్దామని వెంట వచ్చిన చుట్టాలు సగం దారిలోనే విసిగిపోయేవాళ్ళు. ఆయన వెనక నడిచి నడిచి నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఇప్పటికీ కొత్త వీధిలో అడుగుపెడితే లోపల లెక్క మొదలవుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే విసుక్కుంటాను.

ఆయన రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు. మేముండేది ఆ షెడ్డు కోసం పుట్టిన కాలనీ. నెల్లూరు జిల్లాలో తక్కిన ఊళ్ళన్నీ చెరువునో కాలవనో చూసుకుని పుట్టాయి. మాది ఇంజన్లకు నీళ్ళూ బొగ్గూ పట్టడానికి పుట్టింది. యాభైల చివర, కొత్త పైసలు వచ్చిన రోజుల్లో, చుట్టుపక్కల పల్లెల్లో లాంతరు చిమ్నీలు తుడుచుకునే వేళకు మా ఇంట్లో మీట నొక్కితే దీపం వెలిగేది. పొద్దునా సాయంత్రం కొళాయి నీళ్ళు. రోడ్లు గీత గీసినట్టు ఉండేవి, ఇళ్ళు వరసలు వరసలుగా, ప్రతి వరసకూ ఒక నెంబరు, రోడ్డుకు రెండువైపులా వేపచెట్లు. బడి, చర్చి, ఆసుపత్రి, పత్రికలు చదువుకోడానికి ఇన్‌స్టిట్యూటు అని ఒక హాలు, అందులో అప్పుడప్పుడు సినిమా. "ప్లాను గీసి కట్టిన ఊరు పాపా ఇది. తక్కినవన్నీ పడిన చోట లేచినవి" అనేవాడు నాయన. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ మా నాయనకు ఎప్పుడూ సొంతింటి పుల్లకూరే రుచి. నిజానికి అది సొంతిల్లు కూడా కాదు, రిటైరైన మర్నాడు తాళం అప్పజెప్పాల్సిన ఇల్లు.

తక్కిన ఊళ్ళమీద ఆయన తీర్పులు నాకు కంఠతా వచ్చు. కావలికి పాసింజరు ఎక్కితే కూర్చున్న చోటు వేడెక్కకముందే దిగొచ్చు. నేను హైస్కూలుకు అక్కడికే పోయేదాన్ని. కావలితో ఆయన తగువు ట్రంకు రోడ్డు. ఊరి మధ్యలోంచి లారీలూ ఎడ్లబండ్లూ బడిపిల్లలూ అందరూ ఆ ఒక్క రోడ్డు మీదనే పోవాలి. పైగా బావి నీళ్ళు ఉప్పన, కాఫీ తాగితే మజ్జిగలో ఉప్పేసినట్టు ఉంటుందని ముఖం చిట్లించేవాడు. నెల్లూరులో పెన్న నీళ్ళు తియ్యగా ఉంటాయి, పెద్ద డాక్టర్లుంటారు, కాలేజీ ఉంది. కానీ సంతపేటలో మా మేనత్త ఇంటి సందులోకి జట్కా వచ్చిందంటే నడిచేవాళ్ళు గోడకు అతుక్కోవాలి. చీకటి పడేసరికి మేనత్త, ఆవిడ భర్త దోమతెరలోకి దూరి అందులోంచే మమ్మల్ని యోగక్షేమాలు అడిగేవాళ్ళు. ఇక విడవలూరు మా అమ్మ పుట్టిల్లు. అక్కడ బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే "వస్తే వస్తాది" అని జవాబు. వానాకాలం కాలవ పొంగితే అదీ రాదు. కరెంటు లేదు, డాక్టరు లేడు. "పడుకోడానికి బాగుంటాది, బతకడానికి కాదు" అని నాయన తీర్పు. అమ్మ ఆ మాట విని నవ్వేది. అమ్మకు ఊళ్ళ గురించి అభిప్రాయాలు లేవని చాలాకాలం అనుకున్నాను.

మా వరస షెడ్డుకు పడమట ఉండేది. నెల్లూరు సీమలో ఎండాకాలం మధ్యాహ్నం మూడు దాటితే తూర్పు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. ఆ గాలి కోసం నెల్లూరులో, కావలిలో జనం అరుగులమీద ఎదురుచూస్తారు. విడవలూరులో పొలం పని చేసేవాళ్ళు ఆ గాలికి ఒక్క నిమిషం నడుం ఎత్తి నిలబడతారు. మేము మాత్రం ఆ గాలి తిరగ్గానే తలుపులు వేసుకునేవాళ్ళం. అది మాకు షెడ్డు మీదుగా వచ్చేది. సాయంత్రం బండ్లకు ఇంజన్లు తయారు చెయ్యాలంటే ఆ వేళకే పొయ్యిలు రాజెయ్యాలి. కొత్తగా రాజేసిన ఇంజను పొగ చిక్కగా, నల్లటి నలుసులతో వచ్చి వాలేది. వరస మొదటి ఇంటావిడ "పొగొస్తాంది" అని కేక పెట్టేది. ఆ కేకను ఇంటింటా అందుకుని చివరిదాకా పంపేవాళ్ళు. చేతిలో ఏ పనున్నా వదిలి ఆడవాళ్ళంతా దండేలమీది బట్టలు లాక్కుని లోపలికి పరుగెత్తేవాళ్ళు. చంకలో బిడ్డ ఏడుస్తున్నా ముందు బట్టలే. మాకదొక ఆటలాగా ఉండేది.

ఆ బట్టల్లో అందరికీ ప్రాణం తెల్లచీర. ఆదివారం ఆరాధనకు మా సంఘంలో ఆడవాళ్ళు తెల్లచీరే కట్టేవాళ్ళు, అదొక పట్టుదల. శనివారం తెల్లవారకముందే ఉతికి, పొగవేళకు ముందే ఆరేసి తీసి, మడత పెట్టి దాచినా చర్చిలో చీరను చూసి ఎవరిది ఏ వరసో చెప్పొచ్చు. షెడ్డు దగ్గర వరసల చీరలు బూడిద రంగుకు తిరిగి ఉండేవి. చర్చి మొత్తానికి తెల్లటి చీర దొరల బంగళాలో పనిచేసే ఆయాది. మనిషి పేదరాలు, ఒంటిమీద ఇంకేమీ ఉండేది కాదు, చీర మాత్రం మల్లెపువ్వు. బంగళాలు షెడ్డుకు తూర్పున ఉండేవి.

అమ్మకు ఉబ్బసం ఎప్పుడు మొదలైందో నాకు సరిగా తెలియదు. తెలిసిన రోజు మాత్రం గుర్తుంది. నాకు పదేళ్ళు. చర్చిలో పక్కన నిలబడి పాడుతున్నాను. అమ్మ గొంతు మంచిది, అంతమందిలోనూ వినిపించేది. ఆ రోజు మొదటి చరణం పాడి రెండో చరణానికి ఊరికే పెదాలు కదుపుతోంది. నేను తలెత్తి చూస్తే, చూడొద్దన్నట్టు నా తల మీద చెయ్యి వేసి కిందికి తిప్పింది. తర్వాత తర్వాత మొదటి చరణం కూడా పోయింది.

రెండేళ్ళు కాలనీ మందులు వాడాక నాయన అమ్మను నెల్లూరులో ఒక పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆయన అమ్మ వీపుమీద చాలాసేపు గొట్టం పెట్టి విని, ఎక్కడుంటారని అడిగాడు. తర్వాత నాయనతో చెప్పాడు, మందు సగమే చేస్తుంది, చోటు సగం చెయ్యాలి, ఈమెను పొగ లేని చోటికి మార్చండి అని. తిరుగు రైల్లో మా స్టేషను దగ్గరపడుతుంటే నాయన "చూద్దాం" అన్నాడు.

మా నాయన నోట్లో అది ఊరికే అన్న మాట కాదు. నిజంగానే చూడటం మొదలుపెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. కావలిలో స్టేషనుకు దగ్గర ఇల్లయితే ట్రంకు రోడ్డు దుమ్ము, దూరమైతే తెల్లవారుజాము డ్యూటీకి బండి అందదు. నెల్లూరులో ఉంటే రోజూ రైల్లో రావాలి, పాసింజరు గంట లేటైతే షెడ్డులో ఎవరు ఒప్పుకుంటారు. పైగా దోమలు, ఉబ్బసం పోయి బోదకాలు వస్తుందని భయం. విడవలూరులో మా మామ, అంటే అమ్మ అన్న, సేద్యం చేసుకుంటూ ఉన్నాడు. రమ్మని పదేపదే కబురు చేసేవాడు. కానీ అక్కడ అమ్మకు ఆయాసం ముదిరితే సూది వేసే మనిషి కోసం బస్సు ఎదురుచూడాలి. వేరే షెడ్డుకు బదిలీ అడుగుదామంటే అక్కడా పొగే కదా. షెడ్డు పని తప్ప ఆయనకు ఇంకేదీ రాదు.

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. అదే వచ్చిన చిక్కు. అబద్ధం చెప్పేవాడైతే పోట్లాడొచ్చు. ఇంజను బాగుచేసేటప్పుడు ఒక్క బోల్టు కూడా వదులుగా ఉండనివ్వని మనిషి, ఊరు విషయంలోనూ అన్ని బోల్టులూ బిగిసిన ఊరు కావాలనుకున్నాడు. అలాంటి ఊరు ఒకటే ఉందాయనకు. అందులోనే కూర్చుని మిగతావాటిని బేరీజు వేశాడు. వేస్తూ వేస్తూ ఉండగానే చైనా యుద్ధం వచ్చి పోయింది.

ఆ తర్వాత ఒక పొరపాటు జరిగింది. ఫిట్టరు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. నాయనకు కొంచెం పై హోదా వచ్చి, వెనక వరసల్లో క్వార్టరు అడిగే హక్కు వచ్చింది. ఆయన పండగలా సంబరపడ్డాడు. షెడ్డు గేటు నుంచి పాత ఇంటికి నూటయాభై అడుగులు, కొత్త ఇంటికి ఐదువందలు. మూడింతలకు పైగా దూరం, కనక పొగ మూడోవంతు అన్నాడు. ఒక శనివారం సామాన్లన్నీ చేతులమీదే మోసుకుని మారాం. మర్నాటి మధ్యాహ్నం గాలి తిరిగింది. షెడ్డు పొగగొట్టాలు ఎత్తుగా ఉంటాయి. గాలి జోరు మీదుంటే పొగ మొదటి వరసల మీదుగా దాటిపోయి, అలిసిపోయిన చోట దిగుతుంది. అది దిగే చోటు మా కొత్త వరస. అడుగులు సరిగ్గానే లెక్కపెట్టాడు గానీ గాలికి కాళ్ళుండవని మరిచిపోయాడు. అమ్మ కిటికీ సందుల్లో కుక్కడానికి పాతగుడ్డలు చింపింది.

అలా చింపుతున్నప్పుడే కాబోలు ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. చిరిగిపోయిన పాత తెల్లచీర కొంగు నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్కకు మూల ఒక ముడి, రెండోదానికి రెండు, అలా నాలుగు ముడులదాకా వేసింది. ఒక ముడి గుడ్డ మా కాలనీకి. రెండు ముడులది కావలికి, మూడు ముడులది నెల్లూరుకు, నాలుగు ముడులది విడవలూరుకు. ఒకే సబ్బుబిళ్ళ సంచిలో పెట్టుకుంది. చుట్టంచూపుగా ఏ ఊరు పోయినా పొద్దున్నే ఆ ఊరి గుడ్డ ఉతికి, పొద్దుగూకేదాకా దండెం మీద ఉంచేది. కావలిలో చర్చివాళ్ళింట్లో ఆవిడ, ఇదేంది ఒక్క గుడ్డముక్కకు ఇంత కాపలా అని నవ్విందట. ఊళ్ళ గురించి అభిప్రాయం లేదనుకున్న మనిషి అభిప్రాయం అది. నాయన కొలిచినవాటిలో ఏదీ ఆమెకు అక్కర్లేదు. ఊపిరి ఆడుతుందా లేదా, అంతే.

విడవలూరుకు నేను అమ్మతో పోయాను. అప్పుడు నేను ఎస్.ఎస్.ఎల్.సి. చదువుతున్నాను. కోవూరు దాకా రైలు, అక్కడ బస్సు కోసం మూడు గంటలు. ఆ ప్రయాణానికి అమ్మకు ఆయాసం వచ్చి మర్నాడు పొద్దున మంచం దిగలేకపోయింది. మా అత్త, మామ భార్య, ఆ గుడ్డముక్క తీసుకుపోయి తన తెల్లబట్టలతోపాటే ఉతికి, నీలిమందు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసింది. అమ్మకు తెలిసేసరికి అయిపోయింది. పోనీలే అంది. సాయంత్రందాకా ఆ గుడ్డ పెరట్లో ఊగింది. సరుగుడు తోటలమీదుగా గాలి వచ్చి రెపరెపలాడించింది. పొద్దుగూకాక అమ్మ దాన్ని తీసుకురమ్మంటే నేను పోయి, తీసేముందు చూపుడువేలుతో గట్టిగా రాసి చూశాను. వేలికి ఏమీ అంటలేదు. కాలనీలో అలా రాస్తే వేలు వంటింటి చిమ్నీలో పెట్టినట్టు నల్లబడుతుంది. ఆ రెండురోజులూ అమ్మ మా అత్తతో కబుర్లు చెబుతూ, మధ్యలో ఆగకుండా పూర్తి వాక్యాలు మాట్లాడింది.

నేను ఆ రెండురోజులూ లాంతరు దగ్గర పుస్తకం పెట్టుకుని విసుక్కుంటూ గడిపాను. కరెంటు లేని ఊళ్ళో చదువు ఎలా, పత్రికలు లేవు, స్నేహితురాళ్ళు లేరు, బడికి ఎలా పోవాలి. నాకు అమ్మంటే ఇష్టం లేక కాదు. పదహారేళ్ళ పిల్లకు తన పరీక్ష ముందు లోకంలో ఇంకేదీ కనపడదు. ఇది సాకని నాకు తెలుసు.

ఇంటికి వచ్చాక అమ్మ నాలుగు గుడ్డలూ నాయన ముందు మంచం మీద వరసగా పరిచింది. ఒకటోది బొగ్గు పట్టిన సంచిలా ఉంది. కావలిది ఎర్రటి దుమ్ము రంగు. నెల్లూరుది ఫరవాలేదు. నాలుగోది మెరుస్తోంది. నాయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. చూసి, నీళ్ళ తేడా ఉండొచ్చు అన్నాడు. ఉప్పునీళ్ళలో ఉతికిన గుడ్డా మంచినీళ్ళలో ఉతికిన గుడ్డా ఒకటి కాదు. ఉతికిన చెయ్యి కూడా ఒకటి కావాలి అన్నాడు. అప్పుడు అమ్మ అన్న మాట నాకు ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మీ ప్లాను గీసినాయనకు గాలి సంగతి తెలుసు. అందుకే ఆయన తూరుపున కట్టుకున్నాడు. నాకు రోడ్లు వద్దు, దీపాలు వద్దు. నాకు ఊపిరాడే చోటు చూడండి."

నాయన తలొంచుకుని నాలుగోగుడ్డను మళ్ళీ చూశాడు. చూసి నా వైపు తిరిగాడు.

"పాపా, నువ్వున్నావు గదా అక్కడ. దీనికి నీలిమందు పెట్టినారా?"

పెట్టారు అన్నాను. అడిగినదానికి నిజమే చెప్పాను. వేలితో రాసి చూసిన సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు కదా అనుకున్నాను. అమ్మ నన్నొకసారి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. గుడ్డలు నాలుగూ తీసి మడత పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత మా మామ ఒకసారి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆలస్యం అమృతం విషం అంటారు బావా, ఊరెట్లాగుంటే ఏంది, చెల్లెలికి ఊపిరాడితే చాలు గదా అని అడిగాడు. నాయన ఒప్పుకున్నాడు. కానీ ఎవరికి వారు విడిగా ఉండటం ఆయనకు ఇష్టం లేదు. మధ్యేమార్గంగా కావలిలో, ట్రంకు రోడ్డుకు లోపలగా, ఒక ఇల్లు ఖాయం చేశాడు. నా పరీక్షలు అయిపోయిన సోమవారం మారాలని నిర్ణయం. ఆ సోమవారం నా కోసమే పెట్టారు. పరీక్షల మధ్యలో ఇల్లు మారితే నా చదువు చెడుతుందని అమ్మే అందట.

ఇంకా రెండు పరీక్షలు మిగిలున్నాయి. ఆ రోజు పరీక్ష లేదు, నేను ఇంట్లో చదువుకుంటున్నాను. అమ్మ రెండు దిండ్లు ఆనించుకుని మంచం మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఆయాసం కాబట్టి కొన్నాళ్ళుగా అలాగే కూర్చుని నిద్రపోయేది. మూడు గంటలకు గాలి తిరిగింది. కేక వినపడింది. నేను బట్టలు తెచ్చి, తలుపు వేసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. లోపల వేడి. అమ్మకు ఎగరొప్పు ఎక్కువైంది. తలుపు తెరవమని చేత్తో చెప్పింది. పొగ వస్తుందమ్మా అన్నాను. పొగైనా సరే తెరవమంది, అంత చిన్నమాట అనడానికి మూడుసార్లు ఆగింది. తెరిచాను. వెలుతురుతోపాటు పొగ నేరుగా మంచందాకా వచ్చింది. మళ్ళీ వేశాను. వేసినా తీసినా ఒకటే అయింది. పక్కింటి ఆవిణ్ణి కేకేస్తే ఆవిడ షెడ్డుకు పరుగెత్తింది.

నాయన వచ్చేసరికి అమ్మ నా భుజానికి ఒరిగి ఉంది. కాలనీ డాక్టరు ఆయన వెనకే వచ్చాడు, అప్పటికే చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. నాయన గుమ్మంలో నిలబడిపోయాడు. మోచేతులదాకా గ్రీజూ బొగ్గూ. ముట్టుకోవాలా వద్దా అన్నట్టు ఆ చేతులు ముందుకు చాపి అలాగే ఉన్నాడు. ఇంత శుభ్రంగా ఉండే మనిషిని ఈ చేతులతో ఎట్లా ముట్టుకునేదని అనుకున్నాడేమో. చివరికి వచ్చి అమ్మ తల ఒళ్ళోకి తీసుకున్నాడు. నుదుటి మీద ఆయన వేళ్ళ గుర్తులు పడ్డాయి. కడిగింది నేనే.

కబురంది మామ మర్నాడు తెల్లవారేసరికి వచ్చాడు. కాలనీ పక్కన మా సంఘం శ్మశానం ఉన్నా, విడవలూరు తీసుకుపోదాం అని నాయనే అన్నాడు. లారీలో తీసుకుపోయాం. అమ్మకు ఆదివారం చీర కట్టాం. ఆ రోడ్డు బాగాలేదని ఏళ్ళతరబడి చెప్పిన మనిషి, దారి పొడవునా అమ్మ తల కుదుపులకు కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. సరుగుడు తోట పక్కన ఇసుకనేలలో సమాధి చేశారు. గోరీ మీద ఇసుక సర్దుతుంటే సముద్రపు గాలి తిరిగింది. అలవాటుకొద్దీ నేను తలుపుల కోసం చూశాను. అంత ఏడుపులోనూ ఆ పని చేశాను.

మర్నాడు పొద్దున లేచేసరికి నాయన బావి దగ్గర ఉన్నాడు. సమాధి రోజు వేసుకున్న తెల్లచొక్కా ఆయనే ఉతుకుతున్నాడు. మా అత్త తీసుకోబోతే ఇవ్వలేదు. పెరట్లో దండెం మీద ఆరేసి, చూరు కింద పీట వేసుకుని దానికి ఎదురుగా కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. మధ్యాహ్నం గాలి వచ్చింది, పోయింది. పొద్దుగూకుతుంటే లేచి చొక్కా తీసి, భుజాల దగ్గర బొటనవేలితో రాసి, నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. చొక్కా నా ఒళ్ళో పెట్టాడు.

"ముట్టుకుని చూడు పాపా. నీలిమందు పెట్టలేదు."

వేలితో రాశాను. వేలు శుభ్రంగానే ఉంది. నాలుగు నెలలుగా కడుపులో పెట్టుకున్నది ఇక ఆగలేదు. ఆ రోజు కూడా ఇలాగే రాసి చూశాను నాయనా, ఏమీ అంటలేదు, నీకు చెప్పలేదు, పరీక్షల కోసం చెప్పలేదు అని ఏడ్చాను. ఆయన కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నా చేతిలోంచి చొక్కా తీసుకుని, చాలాసేపు గుండీలు పెడుతూ కూర్చున్నాడు.

"నువ్వు చెప్పాల్సింది ఏముండాది," అన్నాడు చివరికి. "ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నప్పుడు నేనూ రాసి చూసినా."

కావలి ఇంటికి మేము మారలేదు. మిగిలిన రెండు పరీక్షలూ నేను రాయలేదు, ఆ ఏడాది పోయింది. నాయన కాలనీలోనే, ఆ వరసలోనే ఉండి సర్వీసు పూర్తి చేశాడు. ఆ తర్వాత ఏ ఊరు పోయినా అడుగులు లెక్కపెట్టడం నేను చూడలేదు. ప్రతి నెలా ఒక ఆదివారం విడవలూరు బస్సు కోసం కోవూరులో మూడు గంటలు కూర్చునేవాడు. బస్సు ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే, వస్తే వస్తాది అని చెప్పేవాడు.